ఆ హెడ్డింగులు నేనూ పెట్టాను

సంపాదకుడు గారికి,

మొన్న మీ పత్రికలో 'మార్కులు తక్కువ వచ్చాయని ఆత్మహత్య' అనే హెడ్డింగు చూశాను. తప్పు పట్టడానికి నాకు మొహం లేదు, చాలా ఏళ్లు డెస్క్‌లో కూర్చుని అలాంటివి నేనూ పెట్టాను, పేజీ వెళ్లిపోయే టైముకి ఒక మనిషి చావుకి ఒక్క ముక్కలో కారణం దొరికితే చాలు అనిపించేది.

వియన్నాలో 1980లలో మెట్రో స్టేషన్లలో జరిగే ఆత్మహత్యల్ని పత్రికలు తెగ వర్ణించి రాసేవి. 1987లో అక్కడి నిపుణులు పత్రికలకు కొన్ని సూచనలిచ్చారు, రాతలు మారాయి, ఆ మెట్రోలో ఆత్మహత్యలు బాగా తగ్గిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2000లో ఇలాంటి సూచనలే ఇచ్చి, 2023లో మళ్లీ సవరించింది. ఎలా చనిపోయారో వివరంగా రాయొద్దు, ఒకే కారణం అంటగట్టొద్దు, సాయం ఎక్కడ దొరుకుతుందో తప్పకుండా చెప్పండి అంటుంది. ఇందులో చేయలేనిదేముంది?

ఇక రాసేవాళ్ల సంగతి. పేజీలో పెట్టడానికి పనికిరాని ఫొటోలన్నీ చూసేది మేమే కదా, ఒక ప్రమాదం తర్వాత వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు, జ్వరం అని చెప్పి సెలవు తీసుకున్నాను, ఎందుకంటే జ్వరానికైతే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. టెన్షన్ అంటే మాత్రం 'ఈ ఉద్యోగానికి నువ్వు పనికిరావు' అనేవాళ్లు.

ఆ సూచనల కాపీ ఒకటి మీ డెస్క్‌లో ఉందా? మీ రిపోర్టర్లు అబద్ధం చెప్పకుండా సెలవు అడగగలుగుతున్నారా?

ఇట్లు,
ఒక పాత సబ్ ఎడిటర్