మన రచయితల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఒక్క మే నెల తప్ప ప్రతి నెలా మొదటి ఆదివారం కర్నూలులో కలిశాం. మేలో ఎండలకు మానుకున్నాం. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన సభ్యులకు ముందుగా నా కృతజ్ఞతలు. మీరు రాకపోతే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ గురించి ఇంత వివరంగా మాట్లాడుకునే చోటు మన జిల్లాలో ఉండేది కాదు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇస్తున్నారు కాబట్టి మనం చేసిన పని గురించే రాస్తాను.

మనకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన చర్చ అహోబిలం నరసింహుడి కథ మీద జరిగింది. ఒక సభ్యుడు చదివిన కథలో మాంత్రికుడు ఏమైనా చేయగలడు. కోట కూలితే లేపుతాడు, చచ్చినవాడిని బతికిస్తాడు. వర్ణన బాగుంది, భాష బాగుంది, కానీ ఎవరికీ టెన్షన్ పుట్టలేదు. అప్పుడు మనలో పెద్దాయన ఒకరు, రిటైరైన తెలుగు సార్, హిరణ్యకశిపుడి వరాన్ని గుర్తుచేశారు. మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ చావు రాకూడదు. పగలూ రాకూడదు, రాత్రీ రాకూడదు. ఇంటి లోపలా, బయటా, నేల మీదా, ఆకాశంలోనూ రాకూడదు. ఏ ఆయుధమూ పనిచేయకూడదు. ఈ షరతులన్నీ వినేవాడికి మొదటే తెలుసు. అందుకే సంధ్యవేళ, గడప మీద, ఒడిలో పెట్టుకుని, గోళ్లతో అనేసరికి ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో కొత్త శక్తి ఏదీ ఊడిపడలేదు. ఉన్న షరతుల మధ్యే దారి దొరికింది.

ఆ రోజు నుంచి మన దగ్గర ఏ కథ చదివినా "ఇక్కడ షరతేంటి?" అనే ప్రశ్న తప్పకుండా వస్తోంది. మంత్రమైనా, కాలంలో వెనక్కి తీసుకెళ్లే యంత్రమైనా అది ఏం చేయలేదో పాఠకుడికి ముందు తెలియాలి. ఆ మాంత్రికుడి కథను రచయిత మూడుసార్లు తిరగరాశాడు. ఇప్పుడు అందులో ఒకడిని బతికించాలంటే మాంత్రికుడు తన జ్ఞాపకాల్లో ఒకటి పోగొట్టుకోవాలి. చివరికి వచ్చేసరికి తను ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టాడో అతనికే గుర్తుండదు. చదవడం అయ్యాక హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అద్భుతమైన వస్తువు ఒకటి కథలోకి వస్తే దాని చుట్టూ బజారు కూడా రావాలి. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం ఎలా తిరుగుతారో మనం చూస్తూనే ఉన్నాం. చేను ఒకరిది, ఏరుకునేది ఇంకొకరు, కొనే వ్యాపారి మరొకడు. దొరికినవాడికి దాని అసలు ధర తెలియదు, తెలిసినవాడు చెప్పడు. విత్తనం వేసుకోవాల్సిన రైతు తన చేను తొక్కొద్దని మొత్తుకుంటుంటాడు. మీ కథలో మాయారాయి ఉంటే ఇవన్నీ ఆలోచించండి. రాజు, రాకుమారి మాత్రమే ఉంటే ఆ లోకం బొమ్మలా నిలబడి ఉంటుంది.

నవంబరులో బెలుం గుహలకు వెళ్లాం. వెళ్లేముందు గుహలో జరిగే సన్నివేశం ఒకటి అందరినీ రాసి తెమ్మన్నాం. దాదాపు అందరి కాగితాల్లోనూ "చల్లటి చీకటి" అనే మాట ఉంది. లోపలికి వెళ్లాక పది నిమిషాల్లో చొక్కాలు తడిసిపోయాయి. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలో గాలి బరువుగా, ఉక్కగా ఉంటుంది. సందర్శకుల కోసం గాలి పంపే ఏర్పాటు కూడా ఉంది. బయటికి వచ్చి చెట్టు కింద కూర్చుని అదే సన్నివేశాన్ని మళ్లీ రాశాం. రెండో కాగితాల్లో చెమట ఉంది, కళ్లజోడు మీద ఆవిరి ఉంది, గోడ మీద చెయ్యి పెట్టి నడవడం ఉంది. మనం చూడని గ్రహం గురించి రాసేటప్పుడు కూడా చూసిన చోటి నుంచే ఒళ్లు గుర్తుంచుకున్న సంగతులు తీసుకోవాలని ఆ రోజు అర్థమైంది.

జ్వాలాపురం కూడా అదే ప్రయాణంలో చూడాలనుకున్నాం కానీ పొద్దుపోయింది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిన బూడిద బనగానపల్లె దగ్గరి ఆ ఊరి నేలలో ఇప్పటికీ పొరగా ఉంది. ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. ప్రళయం తర్వాతి కథ రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? వచ్చే ఏడాది తప్పకుండా వెళ్దాం.

మాటల విషయం ఫిబ్రవరిలో వచ్చింది. యంత్రాలకు పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు పెట్టాలా, ఇంగ్లీషు పేర్లే ఉంచాలా అని చాలాసేపు వాదించుకున్నాం. నా అభిప్రాయం ఇది. రోజూ వాడే వస్తువు పేరు జనం నోట్లో అరిగి చిన్నదవుతుంది. బోర్‌వెల్ బోరయింది, ఎలక్ట్రిసిటీని పల్లెలో అందరూ కరెంటు అనే అంటారు. అంగారకుడి మీద సేద్యం చేసే పత్తికొండ మనిషి కూడా తన యంత్రాన్ని అలాగే పొట్టిగా, కొంచెం విసుక్కుంటూ పిలుస్తాడు. పరిశోధనశాలలో ఒక పేరు, చేలో ఒక పేరు ఉంటే ఆ లోకం నమ్మేలా ఉంటుంది.

కథలు చదివే పద్ధతి కూడా మార్చాం. 1956లో అమెరికాలోని మిల్‌ఫోర్డ్‌లో సైన్స్ ఫిక్షన్ రచయితలు మొదలుపెట్టిన పద్ధతి ఇది. అందరూ కథ ముందే చదివి వస్తారు. ఒక్కొక్కరు తమ వంతులో మాట్లాడతారు. రచయిత చివరిదాకా నోరు విప్పకూడదు. మొదట్లో మనవాళ్లకు ఇది చాలా కష్టమైంది. కానీ పుస్తకం కొన్న పాఠకుడి పక్కన కూర్చుని వివరించడానికి మనం ఉండం కదా.

ఇక డబ్బు సంగతి. సిగ్గుపడకుండా మాట్లాడాల్సిన విషయం ఇదే. నా మొదటి నవలకు ఒక ప్రచురణకర్త నా దగ్గరే డబ్బు తీసుకుని, "అన్ని హక్కులూ" అని ఒక్క లైను రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. సగం కాపీలు ఇప్పటికీ నా చేతికి రాలేదు. కొత్త సభ్యులకు ఆ బాధ రాకూడదనే డిసెంబరులో, జనవరిలో రెండు సమావేశాలూ ఒప్పందాల మీదే పెట్టాం. వరంలో రాయని చోటే హిరణ్యకశిపుడికి చావు వచ్చింది. ఒప్పందంలో రాయని చోటే మనకు నష్టం వస్తుంది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇవ్వడమంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, అది రచయితకే తిరిగి వస్తుంది. 2012 సవరణలో వచ్చిన ఒక అంశం మనలాంటివాళ్లకు మరీ ముఖ్యం: సంతకం చేసిన రోజుకు లేని మాధ్యమానికి, దాన్ని పేరుపెట్టి రాస్తే తప్ప, ఆ ఒప్పందం వర్తించదు. రేపు పుట్టబోయే యంత్రాల గురించి కథలు రాసే మనం రేపటి హక్కులను ఒక్క లైనులో ఇచ్చేయకూడదు. ఆడియో, సినిమా, వెబ్ సిరీస్, అనువాదం దేనికది విడిగా రాయించుకోండి. ఈ హక్కు రచయిత తదనంతరం 60 ఏళ్లు ఉంటుంది. అంటే మీ మనవళ్ల సొత్తు కూడా ఇది.

ఐడియా దొంగిలిస్తారేమోనని కొందరు సమావేశాల్లో కథ చదవడానికి భయపడ్డారు. ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు రాసిన తీరుకే రక్షణ. కాబట్టి ఐడియాను దాచుకునే కన్నా కథ పూర్తి చేయడం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన ప్రతిని తేదీతో మీ ఈమెయిల్‌కే పంపుకుని ఉంచుకుంటే ఎప్పుడు రాశారో చెప్పుకోవడానికి పనికొస్తుంది.

సొంతంగా అచ్చు వేసుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, దానికి డబ్బు అడిగితే ఇవ్వకండి. డీటీపీ యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో చేయిస్తే, ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ ప్రతి కూడా అడిగి తీసుకోండి. లేకపోతే రేపు ఈబుక్ వేయాలన్నప్పుడు ఒత్తులు చెదిరి, పుస్తకమంతా మళ్లీ ప్రూఫ్ చూడాల్సి వస్తుంది. మన సభ్యుల్లో ఇద్దరికి ఇది జరిగింది.

ఇంగ్లీషులోకి అనువదించి బయటి పత్రికలకు పంపాలనుకునేవాళ్లు నిడివి చూసుకోవాలి. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఇచ్చే నెబ్యులా అవార్డుల లెక్కలో 7,500 పదాల లోపు కథ, 17,500 దాకా నావలెట్, 40,000 దాకా నావెల్లా, ఆపైన నవల. మన "వెళ్లలేకపోయాను" ఒక్క మాట. ఇంగ్లీషులో అది నాలుగు మాటలవుతుంది. తెలుగులో 6,000 పదాల కథ అనువాదంలో కథల హద్దు దాటిపోవచ్చు.

వచ్చే ఏడాదికి కథల అంశం నిర్ణయించాం: 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు 1956 తర్వాత కూడా రాజధానిగానే ఉండిపోయి ఉంటే? ఆ ఒక్కటే మార్చండి, మిగతావి దాని నుంచే రావాలి. అప్పట్లో ఇక్కడ గుడారాల్లో నడిచిన ఆఫీసుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసినవి అడిగి రాసుకోండి.

వచ్చే ఆదివారం సమావేశానికి మీరు ఇదివరకు సంతకం చేసిన ఒప్పందాలుంటే వాటి జిరాక్సులు తెచ్చుకోండి. పేర్లు, మొత్తాలు కొట్టేసి తెచ్చినా పర్వాలేదు. అందరం కూర్చుని ఒక్కో లైనూ చదువుదాం.

కార్యదర్శి