వట్టి ప్రచారమేనా?

సంపాదకులకు నమస్కారం.

యుద్ధానంతర పోలండ్‌లో కార్మికులపై వచ్చిన సోషలిస్టు వాస్తవికతావాద (కార్మికుణ్ణి ఆదర్శవీరుడిగా చూపే ప్రభుత్వ ఆమోదిత ధోరణి) సినిమాలను మీ ఆదివారం అనుబంధంలోని వ్యాసం వట్టి ప్రచారచిత్రాలని కొట్టిపారేయడం తొందరపాటుగా తోచింది. 1949 నవంబరులో విస్వా పట్టణంలో జరిగిన సినిమావాళ్ల సమావేశం ఈ ధోరణిని అధికారికంగా రుద్దిన మాట నిజమే. ఆ తర్వాత తెర మీది కార్మికుడికి అలసట, అనుమానం దాదాపు నిషిద్ధమయ్యాయి. అయినా, 1954లో లెయొనార్డ్ బుచ్కోవ్‌స్కీ తీసిన, ఆ దేశపు తొలి రంగుల కథాచిత్రమైన 'మరియెన్‌స్టాట్‌లో సాహసం'లో, పల్లె నుంచి వచ్చి, నేలమట్టమైన వార్సాను తిరిగి కట్టే పనిలో తాపీ పట్టిన హాంకాను చూసి, ఆడవాళ్లు గోడ కట్టడమేమిటని మేస్త్రీ మూతి విరిచే ఘట్టాలు నినాదాలకు లొంగని జీవితాన్నే చూపుతాయి. (పాటలు మాత్రం కాస్త ఎక్కువే.)

వ్యాసంలో పోలండ్ దర్శకుడు ఆంజెయ్ వైదా 1977 నాటి చిత్రం 'పాలరాతి మనిషి' ఊసే లేకపోవడం పెద్ద లోటు. అందులో, క్రాకోవ్ దగ్గర కొత్తగా కట్టిన ఉక్కు కర్మాగార పట్టణం నోవా హుతాలో ఇటుకల పేర్పులో రికార్డు సృష్టించిన బిర్కుట్ అనే తాపీపనివాడి చేతికి, ఒక ప్రదర్శనలో ఎవరో నిప్పులా కాలుతున్న ఇటుక అందిస్తారు. అతని అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఒకప్పుడు అతని గౌరవార్థం చెక్కిన విగ్రహం చివరికి మ్యూజియం నేలమాళిగలో ఓ విద్యార్థినికి కనిపిస్తుంది. పాత వార్తాచిత్రాల పద్ధతినే అచ్చంగా అనుకరించి, వాటి బూటకాన్ని వైదా బయటపెట్టారు. ఆ సోషలిస్టు వాస్తవికతావాద ఒరవడిని తెలుసుకోకుండా వైదా విమర్శ పూర్తిగా అర్థం కాదు. తరువాయి భాగంలోనైనా వ్యాసకర్త ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చర్చించాలని మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ