గ్రనాడాకు ముందు కోట టికెట్, తర్వాతే విమానం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో స్పెయిన్‌లోని గ్రనాడా నగరం మీద వచ్చిన వ్యాసం చదివాం. ఊరి చరిత్ర బాగా చెప్పారు. అయితే శనివారం పొద్దున బజారు, కేథడ్రల్ చూసుకుని, మధ్యాహ్నం ‘వీలునుబట్టి’ అల్హాంబ్రా కోటకు వెళ్లొచ్చని అందులో రాశారు. ఆ మాట నమ్మి బయల్దేరినవాళ్లు చాలా నెలల్లో కోట గోడలు చూసి తిరిగి రావాల్సిందే. ఐరోపాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి గుంటూరు, విజయవాడల నుంచి వెళ్లే తల్లిదండ్రులు శని, ఆదివారాలు కలిసొస్తే స్పెయిన్ చూసి రావాలనుకుంటున్నారు. విదేశీ ప్రయాణాల ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నాం కనుక, వాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని రాస్తున్నాం.

తిరుమలలో 300 రూపాయల దర్శనం టికెట్ తీసుకున్నవాళ్లకు అల్హాంబ్రా పద్ధతి కొత్తగా అనిపించదు. టికెట్ మన పేరున ఉంటుంది, దాని మీద టైమ్‌స్లాట్ ఉంటుంది, లోపలికి పంపే ముందు గుర్తింపు కార్డు అడుగుతారు. ఆధార్ బదులు అసలు పాస్‌పోర్టు, అంతే తేడా. వసంతకాలంలోను, సెప్టెంబరు, అక్టోబరుల్లోను వారాంతపు టికెట్లు వారాల ముందే అయిపోతాయి. అందుకని ముందు కోట అధికారిక వెబ్‌సైట్‌లో ఏ రోజుకు, ఏ టైముకు టికెట్ ఉందో చూడాలి. దాన్నిబట్టి విమానం, రైలు. ఆ తర్వాత హోటల్. మనవాళ్లు చాలావరకు దీన్ని తలకిందులుగా చేస్తారు. విమానం చవగ్గా దొరికిందని కొనేసి, ప్రయాణం పది రోజులుందనగా కోట టికెట్ కోసం వెతుకుతారు.

జనరల్ టికెట్ పెద్దలకు 20 యూరోలకు అటూఇటూగా ఉంటుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు ఉచితమే గానీ, వాళ్లకూ విడిగా టికెట్ తీయాలి. ఇందులో ముఖ్యంగా మూడు భాగాలు వస్తాయి: అల్కసబా అనే పాత సైనిక కోట, అప్పట్లో గ్రనాడాను ఏలిన నస్రిద్ వంశపు సుల్తానుల రాజభవనాలు, హెనెరలీఫే తోటలు. టికెట్ మీద ఉండే టైము రాజభవనాలకు మాత్రమే వర్తిస్తుంది. ఆ అరగంట దాటితే రాజభవనాల్లోకి పంపరు. టికెట్‌లో మిగిలిన భాగాలు చూసుకోవచ్చు. దేనిలోకైనా ఒక్కసారే ప్రవేశం. ఫొటో మరిచిపోయామని వెనక్కి వెళ్లడం కుదరదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. తోటలు, అల్కసబా మాత్రమే చూపించే టికెట్ ఇంకొకటి ఉంది. బాగా తక్కువ ధరకు, తేలిగ్గా దొరుకుతుంది. కానీ అందులో రాజభవనాలు ఉండవు. అంత దూరం వెళ్లేది వాటి కోసమే కదా! కొనేటప్పుడు ‘పలాసియోస్ నసరీయెస్’ (Palacios Nazaríes, అంటే నస్రిద్ రాజభవనాలు) అన్న మాట టికెట్‌లో ఉందో లేదో చూసుకోండి. జనరల్ టికెట్లు అయిపోతే ఊళ్లోని ఇతర కట్టడాలతో కలిపి అమ్మే గ్రనాడా కార్డులో వెతకండి. దానికీ రాజభవనాల టైము కొనేటప్పుడే ఎంచుకోవాలి. శుక్ర, శనివారాల రాత్రి సందర్శన టికెట్లు కూడా ఉంటాయి. దీపాల వెలుగులో భవనాలు అందంగానే ఉంటాయి, అయితే గోడల మీది పనితనం పగలే బాగా కనిపిస్తుంది.

టికెట్ ఫారం నింపేటప్పుడు గుర్తింపు పత్రం ‘పాస్‌పోర్టు’ అని ఎంచుకోవాలి. మన పాస్‌పోర్టు నంబరులో ముందు ఒక అక్షరం, తర్వాత ఏడు అంకెలు ఉంటాయి. అక్షరం వదిలేయడం, సున్నా ఉన్నచోట ‘ఓ’ కొట్టడం సాధారణంగా జరిగే పొరపాట్లు. పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించకూడదు. టికెట్ కొన్నాక పాస్‌పోర్టు రెన్యువల్ చేయిస్తే నంబరు మారిపోతుంది, కాబట్టి ఆ పని ముందే చేయించుకోవాలి. డబ్బు కట్టేటప్పుడు కార్డు పదేపదే తిరస్కరిస్తుంటే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. చాలా కార్డుల్లో అవి ఆపేసి ఉంటాయి.

వీసా రాకముందే టికెట్ కొనాలా అని అందరూ అడుగుతారు. కొనమనే అంటాం. కొన్నాక డబ్బు వెనక్కి రావడం కష్టమే, కానీ పోయేది మనిషికి 20 యూరోలు. విమానం, హోటల్ మాత్రం రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోవాలి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల గడువు ఉండాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వడానికి మన జిల్లాల నుంచి హైదరాబాదు వెళ్లాలి. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో అయితే దరఖాస్తు జర్మనీకే చేయాలి. ఆ వీసాతో స్పెయిన్ వెళ్లిరావచ్చు. పిల్లలు లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటే మాత్రం బ్రిటన్, ఐర్లండ్ వీసాలు స్పెయిన్‌లో చెల్లవు. షెంజెన్ విడిగా తీసుకోవాల్సిందే.

మాడ్రిడ్ అటోచా స్టేషన్ నుంచి గ్రనాడాకు హైస్పీడ్ రైలులో సుమారు మూడున్నర గంటలు. గ్రనాడా విమానాశ్రయం చిన్నది, మలగాలో దిగి రెండు గంటలు బస్సులో వెళ్లడం చాలామందికి తేలిక. శుక్రవారం రాత్రికి ఊరు చేరి, శనివారం ఉదయం తొమ్మిదిన్నర, పది గంటల స్లాట్ తీసుకుంటే మేలు. రైలో విమానమో ఆలస్యమైనా రాత్రికి రాత్రి సర్దుకోవచ్చు.

కోట ఎనిమిదిన్నరకు తెరుస్తారు. ప్రధాన ద్వారం తూర్పు కొసన, తోటల పక్కన ఉంటుంది. రాజభవనాలు పడమటి వైపు. మధ్యలో పావుగంట, ఇరవై నిమిషాల నడక. స్లాట్ తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే: తొమ్మిదిన్నర టికెట్ పట్టుకుని తొమ్మిదింబావుకు తూర్పు ద్వారం దగ్గర నిలబడి ఉంటారు. టికెట్ చేతిలో ఉన్నవాళ్లు అటు వెళ్లనే అక్కర్లేదు. ఊరి మధ్య నుంచి సి30 బస్సెక్కి, 1348లో కట్టిన న్యాయద్వారం దగ్గర దిగి నేరుగా లోపలికి వెళ్లవచ్చు. ఊరి మధ్యనున్న ప్లాసా నువేవా కూడలి నుంచి నడిచే దారి బాగా ఎత్తు, మోకాళ్ల నొప్పులవాళ్లు పెట్టుకోవద్దు. ముందు అల్కసబా, టైముకు రాజభవనాలు, అక్కణ్ణుంచి తోటలు, తూర్పు ద్వారం గుండా బయటికి. ఈ వరసలో వెళ్తే ఎక్కిన దారి మళ్లీ ఎక్కే పని ఉండదు. నాలుగు గంటలు పెట్టుకోండి. మంచినీళ్లు తీసుకెళ్లండి, పెద్ద బ్యాగులు వద్దు.

రాజభవనాల్లో ఫొటోల హడావిడిలో చాలామంది చూడనిది గోడ మీది రాత. రాతిలో చెక్కినట్టు కనిపించేది చాలావరకు జిప్సం గచ్చు. తీగలు, నక్షత్రాల మధ్య ‘దేవుడు తప్ప విజేత లేడు’ అన్న నస్రిద్ వంశపు నినాదం అరబ్బీలో వందలసార్లు వస్తుంది. సుల్తాను అయిదో ముహమ్మద్ 14వ శతాబ్దంలో కట్టించిన సింహాల ప్రాంగణంలో 12 పాలరాతి సింహాల మీద నిలిచిన తొట్టి అంచు చుట్టూ ఇబ్న్ జమ్రాక్ కవి పద్యం చెక్కి ఉంటుంది. కదిలే నీరేదో, కదలని రాయేదో తెలియడం లేదంటాడు. ఆ కొండ మీదికి నీళ్లు తెచ్చింది దార్రో నది ఎగువ నుంచి తవ్విన, సుమారు 6 కిలోమీటర్ల రాచకాలువ. కృష్ణా కాలువల కింద బతికేవాళ్లు తోటల్లో ఆ నీటి పారుదలను కాసేపు నిలబడి చూడాలి.

1492 జనవరి 2న ఈ కోట స్పెయిన్ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల వశమైంది. వాళ్ల సమాధులు కేథడ్రల్ పక్కన రాజ ప్రార్థనాలయంలో ఉన్నాయి. పైన పాలరాతి ప్రతిమలు, కింది గదిలో సాదా సీసపు పెట్టెలు. అదే ఏడాది ఏప్రిల్‌లో కొలంబస్ యాత్రకు ఒప్పందం కుదిరిన సాంటా ఫే ఊరు గ్రనాడాకు పది పన్నెండు కిలోమీటర్ల దూరమే. మిర్చి అమెరికా ఖండం దాటి రావడానికి అక్కడే బీజం పడింది కాబట్టి, గుంటూరు యార్డు వాళ్లకు ఓపికుంటే అటు ఓ పూట వెళ్లొచ్చు!

ఆదివారం పొద్దున కేథడ్రల్‌లో ప్రార్థనలు, సందర్శకులకు మధ్యాహ్నం తర్వాతే. ఉదయం కోట ఎదుటి కొండ మీది పాతపేట అల్బైసిన్ వీధులకు పెట్టుకోండి. దారులన్నీ గుండ్రటి గులకరాళ్లు పరిచినవి, పల్చటి చెప్పులకు పాదాలు మండిపోతాయి. సి31 చిన్న బస్సు పై దాకా వెళ్తుంది. అక్కడి సాన్ నికోలాస్ వ్యూపాయింట్ నుంచి కోట, వెనక సియెర్రా నెవాడా మంచు కొండలు కనిపిస్తాయి. కేథడ్రల్ దగ్గర ఎవరైనా రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోవద్దు. తీసుకుంటే చెయ్యి చూసి జోస్యం చెప్పి డబ్బడుగుతారు.

శాకాహారులు జాగ్రత్త. ‘వెహెతాల్’ (vegetal) అని రాసిన శాండ్‌విచ్‌లో చేప, గుడ్డు ఉండవచ్చు. ‘సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ అతూన్’ అని మూడూ విడివిడిగా చెప్పాలి, అంటే మాంసం, పంది తొడ, ట్యూనా చేప వద్దని. చెరకు పాకం పోసిన వేపుడు వంకాయ అడగండి, మనవాళ్లకు బాగా నచ్చుతుంది. మధ్యాహ్న భోజనం రెండు గంటలకు, రాత్రిది ఎనిమిదిన్నర తర్వాత. నడుమ చాలా వంటిళ్లు మూసేస్తారు. ఆదివారం దుకాణాలూ చాలావరకు ఉండవు. బిస్కెట్లు, పండ్లు శనివారమే కొని పెట్టుకోవాలి. తిరుగు రైలుకు అరగంట ముందు స్టేషన్‌లో ఉండండి. సామాను స్కానింగ్ ఉంటుంది, బయల్దేరే టైముకు రెండు నిమిషాల ముందే గేటు మూసేస్తారు.

– ఒక పాఠక బృందం, బ్రాడీపేట, గుంటూరు