మంచాల లెక్క సరే, గాలి లెక్కో? ఎచ్చెర్ల హాస్టళ్లపై జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల విద్యార్థుల కోసం కడుతున్న, కట్టబోయే హాస్టల్ భవనాల గురించి రాస్తున్నాను. ప్లాన్లు గీసి, దగ్గరుండి భవనాలు కట్టించడం నా వృత్తి. హాస్టళ్లు వద్దని నేను అనను. 1977లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరుగా మొదలై, 2008లో విశ్వవిద్యాలయమైన చోటు అది. పక్కనే ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి, అటు సీతంపేట, భామిని నుంచి వచ్చే పిల్లలు రోజూ ఇంటికి వెళ్లి రాలేరు. ఇచ్ఛాపురమైతే వంద కిలోమీటర్ల పైమాటే. క్యాంపస్‌లో సీటు దొరకని వాళ్లు బయట గది వెతుక్కోక తప్పదు.

హాస్టల్ కట్టాలని నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "గదికి ఎన్ని మంచాలు పడతాయి?" ఆ ప్రశ్నతో మొదలైన ప్లాన్ ఎప్పుడూ ఒకేలా తేలుతుంది. మధ్యలో పొడుగాటి నడవా, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా గదులు. తక్కువ స్థలంలో ఎక్కువ మంచాలు పడతాయి, నిజమే. కానీ గాలి ఒక వైపు నుంచి వస్తే ఇంకో వైపు నుంచి పోవాలి. పోయే దారి లేకపోతే కిటికీ తెరిచి పెట్టినా లోపలికి రాదు. బుడగట్లపాలెం తీరం ఉన్న మండలం మనది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట సముద్రం గాలి వస్తుంది. ఆ గాలి కిటికీ దాకా వచ్చి ఆగిపోయేలా కడుతున్నాం.

మా మేనకోడలు చదువుకున్న రోజుల్లో అద్దెకున్న గది ఇలాంటిదే. ఉన్న ఒక్క కిటికీ బాత్రూం పైపులు దిగే డక్ట్‌లోకి తెరుచుకునేది. వాసన భరించలేక దాన్ని మూసే ఉంచేవాళ్లు. బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేక మంచానికీ మంచానికీ మధ్య తాడు కట్టారు. అక్టోబరు వానల్లో ఆ తడి బట్టల కిందే నిద్ర, పుస్తకాల అట్టలకు బూజు. పరీక్షలప్పుడు ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని చదువుకునేది. ఆ భవనం మొత్తానికి గాలి తగిలేది అక్కడే.

దీనికి నిబంధన లేదని కాదు. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తలుపులు కాక కిటికీలు, వెంటిలేటర్లు కలిపి గది వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. పది అడుగులు, పన్నెండు అడుగుల గదికి అది ఇరవై చదరపు అడుగులు. మూడు అడుగులు, నాలుగు అడుగుల కిటికీ ఒక్కటి పెట్టి ఊరుకుంటే పన్నెండే అయింది. మిగతా ఎనిమిదీ ఎక్కడ? తలుపు మీద ఒక వెంటిలేటరు, ఎదుటి గోడకు ఇంకో చిన్న కిటికీ ఉన్నా చాలా తేడా ఉంటుంది. మన పాత ఇళ్లలో తలుపు మీద వెంటిలేటరు లేని గది అరుదు. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ వేయాలని దాన్నే మూసేస్తున్నారు. పెద్ద ఖర్చు కూడా కాదది.

ఇక పడమటి గోడ. దక్షిణం వైపు ఎండను రెండడుగుల సన్‌షేడ్ ఆపుతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి పడమట సన్‌షేడ్ ఏమీ చేయలేదు. గోడ వేడెక్కి, ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. అందుకే పడమట మెట్లు, బాత్రూములు, బట్టలారేసే వరండా పెట్టి, గదులు ఉత్తర దక్షిణాలకు తిప్పాలి. కాగితం మీద ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు. స్లాబు పడ్డాక మాత్రం ఏమీ చేయలేం.

హైవే మీద నుంచి చూసేవాళ్ల కోసం ముఖద్వారానికి నిలువెత్తు అద్దాలు బిగించడం కొత్త మోజు. 2014 హుద్‌హుద్ తుపానులో విశాఖ అద్దాల భవనాల గతి మనమంతా చూశాం. మెస్ కోసం డాబా మీద వేసే రేకుల షెడ్డు అంతకన్నా ప్రమాదం. 2018 అక్టోబరులో వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును చూసిన జిల్లాలో, పిల్లలు అన్నం తినే చోట రేకులు వేయడం నాకు మింగుడు పడదు.

నీళ్ల సంగతి తల్లిదండ్రులే బాగా చెబుతారు. ఉద్దానం నుంచి వచ్చిన తండ్రి హాస్టల్లో అడుగు పెట్టగానే ఫీజు కన్నా ముందు నీళ్ల గురించి అడుగుతాడు. ఇంట్లోనో, వీధిలోనో కిడ్నీ జబ్బు చూసినవాడు మరి. హాస్టల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేసి ట్యాంకు, సంపు కట్టాలి. బోరు నీటి పరీక్ష కాగితం గేటు దగ్గరే అతికించాలి.

అసలు చిక్కు అనుమతి దగ్గరే ఉంది. నివాస గృహమని ప్లాన్ పెట్టి, కట్టాక హాస్టల్ బోర్డు తగిలిస్తారు. ఇల్లని చూపించిన చోట రెండో మెట్లదారి అడిగేదెవరు? కింద వంటగదిలో మంటలొస్తే పై అంతస్తు పిల్లలు ఎటు దిగుతారు? హాస్టల్ నడిపేవాళ్లు హాస్టల్‌గానే ప్లాన్ పెట్టాలని, రెండు మెట్లదారులు లేనిదే ఒక్క మంచం కూడా వేయకూడదని పంచాయతీలకు, పట్టణాభివృద్ధి సంస్థకు మీరు ఆదేశాలివ్వాలి. ఇప్పటికే నడుస్తున్న భవనాలను ఉన్నపళంగా మూసేయమని నేను కోరను, ఏడాది మధ్యలో పిల్లలు రోడ్డున పడతారు. వాటిలో మార్చగలిగినవి వేసవి సెలవుల్లోపు మార్పించండి.

విశ్వవిద్యాలయం తన స్థలంలో కొత్తగా ఏది కట్టినా, టెండరుకు ముందే ఆ డ్రాయింగులు విద్యార్థుల ముందు పెట్టేలా చూడండి. బకెట్ ఎక్కడ పెట్టాలో, చెప్పులు ఎక్కడ విడవాలో, రాత్రి పన్నెండింటికి లైటు వేసుకుని ఎక్కడ చదవాలో మాకన్నా వాళ్లకే తెలుసు. ఆడపిల్లల్ని విడిగా అడిగించండి. వాళ్లు చెప్పేవి మగ ఇంజినీర్లకు తట్టవు.

మే నెలలో ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, ముందుగా కబురు పెట్టకుండా, ఎచ్చెర్లలో ఏదో ఒక హాస్టల్ పై అంతస్తు పడమటి గదిలో కాసేపు కూర్చోండి. ప్లాన్లకు సంతకం పెట్టే అధికారులనూ వెంట తీసుకెళ్లండి. కొలతలు తీయడానికి టేపు పట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు,
శ్రీకాకుళం