రొయ్య వార్త కౌంటు వారీగా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరిన 2025 ఆగస్టు 27 నుంచి మీ పేపర్లో రొయ్య రైతు మీద వచ్చిన వార్తలన్నీ చదువుతున్నాను. 'ఆక్వా కుదేలు', 'రైతు విలవిల' అని రాస్తున్నారు. అబద్ధమని అనను. కానీ ఆ హెడ్డింగులు చెరువు గట్టు మీద ఏం చేస్తున్నాయో మీరు చూడాలి.

ఏప్రిల్‌లో ట్రంప్ మన మీద 26 శాతం సుంకం అని ప్రకటించినప్పుడు, అది అమల్లోకి రాకముందే ఇక్కడ రొయ్య కొనే ఏజెంట్లు రేటు తగ్గించేశారు. "పేపర్లో చూళ్లేదా?" అన్నదే వాళ్ల సమాధానం. అమెరికా ఎక్కువగా కొనేది పెద్ద రొయ్యని. 100 కౌంటు, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్య, చాలావరకు చైనాకి పోతుంది. అయినా రెండింటికీ ధర కోశారు. ఈ ముక్క మీరు మొదటి పేజీలో వేసి ఉంటే ఏజెంటు దగ్గర మాట్లాడటానికి మాకు నోరుండేది.

మా పక్క చెరువు కౌలు కుర్రాడు ఆగస్టులో పేపరు చూసి, రేపు ఇంకా పడిపోతుందేమోనన్న టెన్షన్‌లో రాత్రికి రాత్రే పట్టుబడికి, అంటే చెరువులో రొయ్య పట్టేయడానికి, మనుషుల్ని పిలిచాడు. వాడు వేసిన వనామి రకం రొయ్య ఇంకా 100 కౌంటు దగ్గరే ఉంది. జబ్బు లేదు. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూపించాను, మేత గింజ మిగల్లేదు. ఇంకొన్నాళ్లు ఉంచరా అంటే వినలేదు. మేత డీలరుకి బాకీ ఉన్నవాడు, పాపం, ఎలా ఆగుతాడు? ఇలా ఊరంతా ఒక్కసారే పట్టుబడికి దిగితే ఐసు దొరకదు, రేటు మరీ దిగుతుంది.

నాయకులు అధైర్యపడొద్దంటున్నారు. వేరే దేశాల మార్కెట్లు చూస్తాం, మన దగ్గర కూడా రొయ్య తినేవాళ్లని పెంచుతాం అంటున్నారు. ఆ మాట నాకు నచ్చుతుంది. కష్టంలో పెద్దలు ధైర్యం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? కాకపోతే మీ విలేకరి సభ ఫొటోతో సరిపెట్టకుండా ఎప్పటికి, ఏ కౌంటు, కిలో ఎంతకి అని అక్కడే అడగాలి. జవాబు వచ్చినా, రాకపోయినా వేయాలి.

జిల్లా పేజీలో భీమవరం, ఉండి, ఆకివీడు కౌంటు ధరలు రోజూ ఒకే చోట వేయండి. పక్కనే మేత ధర కూడా.

ఇట్లు,
ఒక రొయ్య రైతు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా