మంత్రిగారూ, హెల్ప్‌లైన్ వాళ్లు అడిగే వివరాల్లో కుక్క గురించి కూడా ఒక ప్రశ్న చేర్చండి

రాష్ట్ర ఎన్నారై సాధికారత, సంబంధాల శాఖ మంత్రి శ్రీ కొండపల్లి శ్రీనివాస్ గారికి,

నమస్కారం. మీది గజపతినగరం, మాది బొబ్బిలి. ఒకే జిల్లా వాళ్లమన్న చనువుతో రాస్తున్నాను.

మా అప్ప (అక్క) కొడుకు అమెరికా నుంచి డిపోర్ట్ అయి వచ్చాడు. చదువుకోవడానికి వీసా మీద వెళ్లి, చదువు మధ్యలో ఆపేసి పనిలో చేరాడు. తప్పు వాడిదే. దాని గురించి మీకు అర్జీ పెట్టడం లేదు. 2025 ఫిబ్రవరి 5న 104 మందితో అమృత్‌సర్‌లో దిగిన అమెరికా మిలిటరీ విమానాన్ని టీవీలో చూసి, అందులో మనోడు లేడని ఊపిరి పీల్చుకున్నాం. కొన్ని నెలలకే వాడి వంతు వచ్చింది.

వాడికి ఒక కుక్క ఉండేది. పేరు లడ్డు. దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకున్నాడు, జాతి గీతి ఏమీ లేదు. వాణ్ని పనిచేసే చోట మధ్యాహ్నం పట్టుకున్నారు, ఫోన్ తీసేసుకున్నారు. గదిలో లడ్డు ఒక్కతే ఉండిపోయింది. రెండో రోజు రాత్రి దాని అరుపులు వినలేక పక్కింటావిడ మేనేజర్‌ని పిలిచి తలుపు తీయించింది. గిన్నెలో చుక్క లేదట, టాయిలెట్‌లో నీళ్లు తాగి బతికింది.

అక్కడ దొరికిన కుక్కను షెల్టర్‌కి పంపుతారు. యజమాని వస్తాడేమోనని చాలా ఊళ్లలో మూడు నుంచి ఐదు రోజులు చూస్తారు. ఆ తర్వాత అది షెల్టర్ సొత్తు. ఎవరైనా పెంచుకుంటామంటే ఇస్తారు, చోటు లేకపోతే మందిచ్చి చంపేసే చోట్లూ ఉన్నాయి. లడ్డు మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ ఉంది. కానీ చిప్‌లో ఉండేది ఒక నంబరే. ఆ నంబరుకు రిజిస్టర్ చేసిన ఫోన్ మావాడిది, అదేమో డిటెన్షన్ సెంటర్‌లో ఎక్కడో సంచిలో ఉంది. నాలుగో రోజున అక్కడే ఉండే మన సోంపేట కుర్రాడు ఒకడు వాట్సాప్‌లో విషయం తెలిసి పరిగెత్తాడు. నువ్వెవరు, యజమాని రాసిచ్చిన కాగితం ఏదీ అన్నారు. వాళ్లు అడగడంలో తప్పేముంది, అడగాల్సిందే.

చివరికి షెల్టర్‌లో పనిచేసే ఒకావిడే ఫాస్టరింగ్‌కి తీసుకెళ్లింది. అంటే కొన్నాళ్లు తన ఇంట్లో పెట్టుకుని సాకడం. వలస పోయేవాళ్లు దూడను పక్కింట్లో కట్టేసి పోతారు చూడండి, అలాంటిదే. ఆవిడ 'సిట్' అంటే లడ్డు అలా చూస్తూ నిలబడేదట. చెవుడేమో అనుకుంది పాపం. ఆ సోంపేట కుర్రాడు ఫోన్‌లో 'కూకో' అనగానే టప్పున కూర్చుంది! ఇప్పుడావిడ కూడా 'కూకో' అనే అంటుంది, వింటే మనకి నవ్వాగదు.

మావాడు విశాఖ ఎయిర్‌పోర్టులో అప్పను పట్టుకుని ఏడ్చాడు. కారెక్కాక మొదట అడిగింది "లడ్డు తింటోందా?" అని. మా వీధిలో వాళ్లు "ఏటమ్మా, మనుషులకే దిక్కు లేదు, మళ్లీ కుక్కేటి?" అన్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను.

దాన్ని తెప్పిద్దామని చూశాం. రెండేళ్లు వరసగా విదేశంలో ఉండి, నివాసం మార్చుకుని ఇండియాకు వచ్చేవాళ్లు రెండు పెంపుడు జంతువుల దాకా సామానుతో పాటు తెచ్చుకోవచ్చు. మిగతావాళ్లకు కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం (డీజీఎఫ్‌టీ) లైసెన్సు కావాలి. ఎవరికైనా రేబిస్ టీకా కాగితం, ఆరోగ్య సర్టిఫికెట్, కేంద్ర పశు క్వారంటైన్ విభాగం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తప్పవు. మావాడు సామాను లేకుండానే వచ్చాడు, ఇక కుక్కను ఏ సామానుతో తెస్తాడు? ఏజెంటు రెండు లక్షల పైమాటే చెప్పాడు. విమానం కూడా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి లాంటి కొన్ని చోట్లే దిగాలి, కుక్కల క్వారంటైన్ ఉన్నది అక్కడే.

అందుకని మీకు ఈ మనవి. విదేశాల్లో ఉన్న మన వాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది. ఎవరైనా చిక్కుల్లో పడ్డారని ఫోన్ వస్తే పేరు, పాస్‌పోర్టు, ఊరు రాసుకుంటారు కదా. ఇంట్లో పెంపుడు జంతువు ఉందా, తాళం ఎవరి దగ్గరుంది అని కూడా అడగమనండి. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లకో, దగ్గర్లోని షెల్టర్‌కో ఆ రోజే కబురు పెడితే చాలు, రెండు రాత్రులు పోవు. డబ్బు ఖర్చు లేని పని.

ఇంకోటి, వెళ్లే పిల్లలకు ముందే చెప్పించండి. మైక్రోచిప్ రిజిస్ట్రేషన్‌లో రెండో మనిషి నంబరు ఉండాలి. నేను లేకపోతే నా కుక్కను ఫలానా వారికి ఇవ్వండి అని సంతకం చేసిన కాగితం ఆ మనిషి దగ్గర ఉండాలి. టీకాల కార్డు ఫొటో ఇంట్లో వాళ్ల ఫోన్‌లో ఉండాలి. లోపలికి వెళ్లాక సంతకం తెప్పించడం ఎంత కష్టమో మేం చూశాం. నెల పైనే పట్టింది. వీసా వచ్చిందని స్వీట్లు పంచే రోజున ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? అందుకే తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేయించమంటున్నాను.

భోగాపురం ఎయిర్‌పోర్టు మన జిల్లాలోనే కదా. అక్కడ కుక్కలకూ పిల్లులకూ క్వారంటైన్ సదుపాయం పెట్టమని కేంద్రానికి ఒక లేఖ రాయండి. విమానయానం మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. రాష్ట్ర పశుసంవర్ధక శాఖ టెక్కలి అచ్చెన్నాయుడు గారిది. ముగ్గురూ మన ఉత్తరాంధ్ర వాళ్లే, మళ్లీ ఇలా ఎప్పుడు కుదురుతుందో!

డిపోర్ట్ అయిన వాళ్లందరికీ కుక్కలు ఉండవు, నాకు తెలుసు. గల్ఫ్ క్యాంపుల్లో ఒకే గదిలో ఇరుక్కుని పడుకునే ఉద్దానం వెల్డర్లకు ఈ బెంగ లేదు, వాళ్ల బెంగలు వేరు. ఉన్న కొద్దిమంది గురించే అడుగుతున్నాను.

లడ్డును తెప్పించాలన్న ఆలోచన మావాడే మానుకున్నాడు. దానికి అక్కడ పెరడుంది, ఆవిడ అలవాటైంది, ఈ వయసులో బోనులో అంత దూరం ఎందుకన్నాడు. పోయిన నెల శాశ్వతంగా ఆవిడకే రాసిచ్చాడు. ఆ కాగితం నకలు దీనికి జత చేస్తున్నాను. అందులో లడ్డు వయసు నాలుగని ఉంది. కాదు, ఐదు నిండాయని మావాడు ఇంకా వాదిస్తున్నాడు.

ఇట్లు,
బొబ్బిలి నుంచి ఒక పిన్ని