వచ్చే సంక్రాంతికి పూయిద్దాం

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి మరీ చూశాను. ఈసారి పూయలేదని ఆ అమరిల్లిస్‌ని, అదే లిల్లీలా పూసే ఆ దుంప మొక్కని, పారేయకు, దానికి ఏ రోగమూ లేదు. ఆకులు పచ్చగా ఉన్నాయి, దుంప కూడా గట్టిగానే ఉన్నట్టుంది. బొటనవేలితో నొక్కి చూడు, మెత్తగా దిగబడితేనే కుళ్ళినట్టు. కాకపోతే ఈ చలికాలం ఏం పోసినా అది పూయదు, ఎందుకంటే పూయాల్సిన పువ్వు పోయిన ఎండాకాలంలోనే ఆగిపోయింది.

సంగతేంటంటే, నువ్వు కొన్న ఏడాది క్రిస్మస్‌కి వచ్చిన పువ్వు నీ చేతి చలవ కాదు, ఆ దుంపని అంతకుముందు పెంచిన రైతుది. మొగ్గ లోపల తయారయ్యాకే దుంప కొట్టుకి వస్తుంది, మనం నీళ్ళు పోసి బయటికి రప్పిస్తామంతే. ఈ మొక్క ఇంచుమించు నాలుగు ఆకులకొకసారి లోపల ఒక మొగ్గ పెట్టుకుంటుంది. నువ్వేమో పూలు వాడగానే ఆకులు కూడా కత్తిరించేసి, కుండీ తీసుకెళ్ళి ఆ చీకటి బాత్రూంలో పెట్టానన్నావు. ఇక అది తిండి ఎక్కడ తయారు చేసుకుంటుంది, మొగ్గ ఎక్కడ పెడుతుంది చెప్పు? ఇప్పుడొచ్చిన ఆకుల్ని మాత్రం ముట్టుకోకు. పూలు అయ్యాక కోయాల్సింది వాడిన పూలూ, గింజకాయలూ. పూకాడ కూడా దానంతటది పసుపెక్కాకే.

ముందు దాన్ని దక్షిణం కిటికీ దగ్గరికి మార్చు. మీ న్యూజెర్సీలో మే చివరికి మంచు భయం ఉండదు కాబట్టి అప్పుడు బాల్కనీలో పెట్టు, కానీ ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టావంటే ఆకులు మాడిపోతాయి, కొన్నాళ్ళు నీడపట్టున ఉంచి మెల్లగా ఎండకి అలవాటు చెయ్యి. రెండు వారాలకోసారి ఎరువు, డబ్బా మీద రాసినదాంట్లో సగం మోతాదు చాలు. నత్రజని ఎక్కువున్నది మాత్రం వద్దు, ఆకులు ఏపుగా పెరుగుతాయి తప్ప పువ్వుకి పనికిరాదు. నీళ్ళు పై మట్టి ఆరాకే పొయ్యి, దుంప మెడలోకి, అంటే ఆకులు బయటికొచ్చే పైభాగంలోకి పోయకు, అక్కడ నిలిస్తే కుళ్ళుతుంది.

ఇక అసలు పని సెప్టెంబరు మధ్యలో. నువ్వు కచ్చితంగా చెయ్యనిది కూడా ఇదే, జాలిపడి ఏడాది పొడుగునా నీళ్ళు పోస్తూనే ఉంటావు! కుండీ లోపలికి తెచ్చేసి నీళ్ళు పూర్తిగా ఆపెయ్. ఆకులు పండి ఎండిపోతాయి, చచ్చిపోతోందని నాకు అర్ధరాత్రి ఫోన్ చెయ్యకు. అవి ఎండాక తీసెయ్యొచ్చు. మీ బేస్‌మెంట్‌లో చీకటిగా, యాభై, యాభైఅయిదు ఫారెన్‌హీట్ దగ్గర ఉండే మూల ఉంటే అక్కడ ఎనిమిది నుంచి పది వారాలు వదిలెయ్. ఫ్రిజ్‌లో పెట్టకు, అది మరీ చల్లన, పైగా ఆపిల్ పళ్ళ నుంచి వచ్చే గాలికి లోపలి మొగ్గ పాడవుతుంది.

మన పెరట్లో ఇవేవీ చెయ్యం కదా అంటావేమో. కడియపులంక నర్సరీల నుంచి తెచ్చి వేసిన ఎర్ర లిల్లీలు దీని చుట్టాలే. వానలు పోయాక నేల దానంతటదే ఆరిపోతుంది, అవి కాస్త పడుకుని లేచి ఎండలు ముదిరే వేళకి పూస్తాయి. అక్కడ నీ కుండీకి ఆ పొడి కాలం నువ్వే కల్పించాలి.

నవంబరు చివర్లో తీసి, పాత మట్టి దులిపి, దుంపకీ కుండీ అంచుకీ మధ్య రెండు వేళ్ళ సందు మాత్రమే ఉండే చిన్న కుండీలోకి మార్చు. ఇప్పుడున్నది బకెట్టంత ఉంది, అంత మట్టిలో తడి ఆరదు. దుంపలో మూడో వంతు బయటికి కనబడాలి. ఒకసారి బాగా తడిపి వెచ్చటి చోట పెట్టి, మొలక కనబడేదాకా నీళ్ళ చెయ్యి బిగపట్టు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూస్తుంది, లెక్క చూసుకో, సరిగ్గా సంక్రాంతికి. దుంప బాగా చిక్కిపోయి ఉంటే ఇంకో ఏడాది పట్టొచ్చు, అప్పుడు నన్ను తిట్టకు. ముందు వచ్చేది బల్లపరుపుగా ఉంటే ఆకు, దుంప మెడ పక్క నుంచి లావుగా పొడుచుకొస్తే మొగ్గ. కాడ వెలుతురు వైపు వంగుతుంది, కుండీని అప్పుడప్పుడు తిప్పుతుండు.

చిన్నోడికి మాత్రం అందనివ్వకు. చూడ్డానికి ఉల్లిపాయలాగే ఉంటుంది కానీ విషం, కొరికితే వాంతులవుతాయి.

ఈలోపు ఆగలేక పండగ సేల్‌లో సగం ధరకి ఇంకోటి కొంటానంటావని తెలుసు. కొను. మైనం పూసి, మట్టీ కుండీ లేకుండా అమ్మేవి మాత్రం వద్దు. వాటికి చాలావరకు అడుగున వేర్లు వచ్చే భాగం కోసేసి ఉంటారు, ఒక్కసారి పూసి పోతాయి.

నాన్న